అనాటమీ పేర్లు గుర్తుండట్లేదా? పేరుని విప్పి చూడు, నీ ఒంటి మీద తడిమి చూడు

ప్రశ్న క్లుప్తంగా ఇది: "సార్, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఎంబీబీఎస్‌లో చేరి రెండు నెలలైంది. అనాటమీలో రోజుకి యాభై అరవై కొత్త పేర్లు వస్తున్నాయి. రాత్రి బట్టీ పట్టినవి పొద్దున్నకి ఉండట్లేదు. మొన్న బోన్ వైవాలో (ఎముకల మీద నోటి పరీక్ష) స్కాప్యులా అనే భుజం వెనక ఎముక చేతిలో పెట్టి అడిగితే నోరు పెగల్లేదు. మెడికల్ డిక్షనరీ ముందేసుకుని కూర్చోవాలా? స్కూల్లో చదివిన తెలుగు పేర్లు ఇక మర్చిపోవడమే మంచిదా?"

తల్లీ, ఇరవై ఎనిమిదేళ్ళు శవాల్ని కోసి చూపించే డిసెక్షన్ హాల్లో నిలబడి అనాటమీ చెప్పినవాణ్ణి. నా విద్యార్థుల్ని పిలిచినట్టే నిన్నూ నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నేనూ పల్లెటూరి బడిలో తెలుగులో చదువుకుని వచ్చినవాణ్ణే. మొదటి మూడు నెలలు నీకున్న టెన్షనే నాకూ ఉండేది. ముందు నీ రెండో ప్రశ్నకి జవాబు చెప్తాను, ఎందుకంటే నీ ఇబ్బందికి మందు అందులోనే ఉంది. తెలుగు పేర్లు మర్చిపోకు. నీ క్లాసులో ఇంగ్లీషు మీడియం పిల్లలకి లేని ఆసరా అది. ఎలాగో చూపిస్తాను.

అనాటమీ పేరు అంటే అర్థం లేని శబ్దం అనుకుంటున్నావు కాబట్టే బట్టీ పట్టాల్సి వస్తోంది. ఆ పేర్లు పెట్టినవాళ్ళ దగ్గర కొత్త మాటలేమీ లేవు. శవాన్ని కోసి చూసినప్పుడు కనిపించినదాన్ని తమ ఇంట్లో, వంటింట్లో, పెరట్లో ఉన్న వస్తువుతో పోల్చి ఆ వస్తువు పేరే పెట్టేశారు. పటెల్లా అంటే లాటిన్‌లో చిన్న పళ్ళెం. మనం ఏమంటాం? మోకాలి చిప్ప. రోమ్‌లో ఒకడికి పళ్ళెం కనిపించిన చోట మనవాళ్ళకి చిప్ప కనిపించింది, అంతే తేడా. టిబియా అంటే పిల్లనగ్రోవి. ఫిబులా అంటే బట్ట జారకుండా పెట్టుకునే పిన్నీసు. మోకాలి కింద ఆ రెండు ఎముకలూ పక్కపక్కనే ఉన్న బొమ్మ ఒకసారి చూడు. లావుపాటి టిబియా పక్కన సన్నటి ఫిబులా పిన్నీసు సూదిలాగే ఉంటుంది. క్లావికిల్ అంటే చిన్న తాళంచెవి. పెల్విస్ అంటే బేసిన్. తొడ ఎముక తల కూర్చునే గుంట అసిటాబ్యులం, అంటే రోమన్లు భోజనాల దగ్గర వెనిగర్ పోసుకునే చిన్న గిన్నె. చెవి లోపలి కాక్లియా అంటే నత్త గుల్ల. కొండనాలుకని యువ్యులా అంటారు, అంటే చిన్న ద్రాక్షపండు. చెవి రంధ్రం ముందు తలుపులా నిలబడే చిన్న ముక్క ట్రాగస్, అంటే మేక. వయసు మీరిన మగవాళ్ళకి అక్కడ మొలిచే వెంట్రుకల్ని చూసి మేకగడ్డం గుర్తొచ్చి ఉంటుంది.

తెలుగు కూడా ఇదే పని చేసింది. ఊపిరితిత్తి అన్నప్పుడు తిత్తి అంటే ఏమిటో ఎప్పుడైనా ఆలోచించావా? కంసాలి కొలిమి దగ్గర గాలి కొట్టే తోలుసంచి అది. ఊపిరి ఊదే తిత్తి. లంగ్ అనే ఇంగ్లీషు మాటలో ఇంత పనితనం కనిపించదు. చెవిలో మూడు చిన్న ఎముకలకి మనం స్కూల్లో కూటకం, దాగలి అంటూ చదివాం కదా. దాగలి అంటే కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దిమ్మ, ఇన్కస్ అన్నా అదే. కూటకమే మాలియస్, అంటే సుత్తి. స్టేపిస్ అంటే గుర్రం మీద కాలు పెట్టుకునే అంకవన్నె. సుత్తి, దిమ్మ, అంకవన్నె ఒకదానికొకటి ఆనుకుని శబ్దాన్ని లోపలికి తోస్తాయి. ఇది తెలిశాక ఆ మూడింటి వరుస తప్పు చెప్పడం కష్టం.

ఇప్పుడు సంస్కృతం సంగతి. మన పాఠ్యపుస్తకాల్లోని శరీర భాగాల పేర్లు చాలావరకు సంస్కృతం నుంచి వచ్చాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ దూరపు చుట్టాలు. అందుకే నీకు ముందే తెలిసిన మాటలు వేషం మార్చుకుని నీ పుస్తకంలో కూర్చున్నాయి. జాను అంటే మోకాలు, లాటిన్‌లో జెను. దంతం, లాటిన్‌లో డెన్స్, డెంటల్. నాసిక, నేసల్. పాదం, పెడ్. అస్థి, గ్రీకులో ఆస్టియాన్. ఆస్టియాలజీ అంటే అస్థుల చదువు. ప్లీహం, గ్రీకులో స్ప్లెన్. మజిల్ అనే మాట మస్క్యులస్ నుంచి వచ్చింది, అంటే చిట్టెలుక. ఆ మాటలో ఉన్న 'మూస్', మన మూషికం ఒకే వేరు నుంచి మొలిచినవి. కండ చర్మం కింద కదిలితే ఎలుక పరిగెత్తినట్టు ఉందన్నమాట.

అజైగస్ వెయిన్ అనే సిర ఒకటి వస్తుంది, థొరాక్స్‌లో, అంటే ఛాతీలో. వెన్నెముకకి కుడివైపున ఉంటుంది, ఎడమవైపు దానికి సరిజోడు ఉండదు. 'అ' అంటే లేదు, 'జైగ్' అంటే కాడి, జంట. సంస్కృతంలో యుగ్మం అంటే జంట, అయుగ్మం అంటే జంట లేనిది. అజైగస్, అయుగ్మం, రెండూ ఒకే మాట. జైగోమాటిక్ ఎముక దగ్గర ఆ కాడి మళ్ళీ కనిపిస్తుంది. చెక్కిలి దగ్గర అది ముఖం ఎముకల్నీ పుర్రె పక్కభాగాన్నీ కాడిలా కలుపుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది డుయోడినం. జీర్ణాశయం దాటగానే వచ్చే మొదటి పేగు. ఆ మాటకి అర్థం 'పన్నెండు'. మన ద్వాదశకి చుట్టం. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న హెరోఫిలస్ అనే వైద్యుడు దాని పొడవుని వేళ్ళ వెడల్పుతో కొలిచి పన్నెండు వేళ్ళంత అని పేరు పెట్టాడు. పన్నెండు వేళ్ళ వెడల్పు అంటే మన పాత లెక్కలో పన్నెండు అంగుళాలు, అంటే ఒక జాన. జానెడు పొట్ట అంటాం చూడు, డుయోడినం అచ్చంగా జానెడు పేగు. పుస్తకంలో సుమారు 25 సెంటీమీటర్లు అని ఉంటుంది. నీ చెయ్యి చాపి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చూసుకో, ఇంచుమించు అంతే వస్తుంది. ఆ తర్వాతి భాగం జెజునం, అంటే ఉపవాసం ఉన్నది. కోసి చూసినప్పుడల్లా అది ఖాళీగా కనిపించింది కాబట్టి ఆ పేరు.

కొన్నిచోట్ల మన పేరు లాటిన్ పేరు కన్నా ఎక్కువ చెప్తుంది కూడా. టిబియా, ఫిబులా అంటే పిల్లనగ్రోవి, పిన్నీసు. కానీ ఏది లోపలివైపు, ఏది బయటివైపు అన్నది ఆ పేర్లలో లేదు. తెలుగు పుస్తకంలో అవి అంతర్జంఘిక, బహిర్జంఘిక. ఒకటి లోపలిది, ఒకటి బయటిది. మీడియల్, లాటరల్ అన్న తేడా పేరులోనే ఉంది. వైవాలో ఎముక చేతికివ్వగానే సైడ్, అంటే కుడిదా ఎడమదా గుర్తించమంటారు కదా, అప్పుడు మనసులో తెలుగు పేరు అనుకుని ఇంగ్లీషులో జవాబు చెప్పు. నేను అలా చాలాసార్లు గట్టెక్కాను.

ఇక పొడవాటి పేర్ల భయం. వాటిలో లాటిన్ వ్యాకరణం ఉంది, నీకు విభక్తులు వచ్చు కాబట్టి అది ఐదు నిమిషాల పని. బైసెప్స్ బ్రేకై అన్నప్పుడు బైసెప్స్ అంటే రెండు తలలది, బ్రేకై అంటే దండచేయి యొక్క. ఆ చివర 'ఐ' శబ్దం మన షష్ఠీ విభక్తి. తొడలో బైసెప్స్ ఫీమోరిస్ అని ఇంకోటి ఉంది, అక్కడ 'ఇస్' షష్ఠి. అంటే తొడ యొక్క రెండు తలల కండరం. రెండు బైసెప్స్ ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసింది కదా. మనకి 'రాముని బాణం' అని యొక్క ముందు వస్తుంది, లాటిన్‌లో వెనక వస్తుంది. చివరి నుంచి చదువుకుంటూ వస్తే తెలుగు వాక్యం తయారవుతుంది.

ముఖంలో ఒక కండరం ఉంది, పేరు లెవేటర్ లేబియై సుపీరియోరిస్ అలీక్వె నేసై. విద్యార్థులు దీన్ని చూసి బెంబేలెత్తిపోతారు. ముక్కలు చెయ్యి. లెవేటర్ అంటే పైకెత్తేది. లేబియై సుపీరియోరిస్ అంటే పైపెదవిని. అలీ అంటే రెక్క, నేసై అంటే ముక్కు యొక్క, మధ్యలో ఆ 'క్వె' అంటే మరియు. పైపెదవినీ ముక్కుపుటాన్నీ పైకెత్తేది. ఇప్పుడు అద్దం ముందు నిలబడి, ఏదో కుళ్ళిన వాసన వచ్చినట్టు ముక్కు చిట్లించు. పైపెదవి, ముక్కు పక్క రెక్క కలిసి పైకి లేచాయి కదా. కండరం ఎక్కడుంది, ఏం చేస్తుంది, రెండూ పేరు చెప్పేసింది. దీని గురించి పరీక్షలో ఇక వేరే రాయాల్సింది నరం, రక్తనాళం మాత్రమే.

'ఆయిడ్' అని ముగిసే పేర్లు కనిపిస్తే 'లాంటిది' అని తెలుగు చేసుకో. డెల్టాయిడ్ అంటే గ్రీకు డెల్టా అక్షరం లాంటిది, ముక్కోణం. క్రైకాయిడ్ ఉంగరం లాంటిది. అరాక్నాయిడ్ సాలెగూడు లాంటిది. సెసమాయిడ్ నువ్వుగింజ లాంటిది. ఆడాంటాయిడ్ పన్ను లాంటిది. స్టైలాయిడ్ దగ్గర ఒక్క క్షణం ఆగు. స్టైలస్ అంటే రాసే పుల్ల. మన పూర్వీకులు తాటాకుల మీద రాసిన ఇనుప గంటం ఎప్పుడైనా మ్యూజియంలో చూశావా? స్టైలాయిడ్ ప్రాసెస్ అంటే గంటం మొనలాంటి ఎముక కొస. ముంజేతిలో రేడియస్, అల్నా అని రెండు ఎముకలుంటాయి. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు గట్టిగా తగిలేది రేడియస్ గంటం, చిటికెనవేలి వైపుది అల్నా గంటం. రెండూ వేళ్ళతో పట్టుకుని చూడు, బొటనవేలి వైపుది కాస్త కిందకి దిగి ఉంటుంది. మణికట్టు ఎముక విరిగిన ఎక్స్‌రేలో ఆ తేడా పోయిందా అని చూడటం ఆర్థోపెడిక్ డాక్టర్లకి అలవాటు.

స్కాప్యులా దగ్గర ఆగిపోయానన్నావు కాబట్టి దాన్నే తీసుకో. రెక్క ఎముక. వెనక అడ్డంగా లేచిన గట్టు స్పైన్, అంటే ముల్లు. ఆ గట్టుకి పైన సుప్రాస్పైనేటస్ కండరం, కింద ఇన్ఫ్రాస్పైనేటస్ కండరం. సుప్రా పైన, ఇన్ఫ్రా కింద. ముందుకి వంకరగా పొడుచుకొచ్చినది కోరకాయిడ్, అంటే కాకిముక్కు లాంటిది. నీ కాలర్ ఎముక బయటి చివర దగ్గర కిందుగా వేలితో నొక్కితే ఆ కాకిముక్కు తగులుతుంది. పక్కన లోతు తక్కువున్న గుంట గ్లీనాయిడ్. బైసెప్స్ రెండు తలల్లో పొట్టిది కాకిముక్కు నుంచి, పొడుగుది గ్లీనాయిడ్ పైనున్న చిన్న బొడిపె నుంచి పుడతాయి. ఆ బొడిపె పేరు సుప్రాగ్లీనాయిడ్ ట్యూబర్‌కిల్. పైన, గుంట, చిన్న బొడిపె. దీన్ని బట్టీ పట్టాల్సిన పనేముంది?

ఈ పద్ధతిలో చదవాలంటే నీ ఒళ్ళే నీ పాఠ్యపుస్తకం. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ అనే పేరు భారీగా ఉంటుంది. స్టెర్నో అంటే రొమ్ము ఎముక, క్లైడో అంటే గ్రీకులో తాళంచెవి, అంటే మళ్ళీ క్లావికిలే, మాస్టాయిడ్ అంటే చెవి వెనక బొడిపె. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పేరులోనే ఉంది. ఎడమ చేతి వేళ్ళు కుడివైపు మెడ మీద పెట్టి, ముఖాన్ని ఎడమవైపు తిప్పు. మెడలో తాడులా లేచింది చూడు. వేళ్ళతో కింద నుంచి పైదాకా వెళ్ళు. రొమ్ము ఎముక దగ్గర ఒక పాయ, కాలర్ ఎముక దగ్గర ఇంకో పాయ, కలిసి చెవి వెనక్కి. కుడివైపు కండరం బిగిస్తే ముఖం ఎడమవైపు తిరుగుతుంది. పరీక్షలో తొంభై మంది తికమకపడే పాయింట్ ఇది, నువ్వు ఒక్కసారి తడిమి చూశావు కాబట్టి ఇక పడవు.

అలాగే సార్టోరియస్. సార్టర్ అంటే దర్జీ. పాతకాలంలో దర్జీలు బాసింపట్టు వేసుకుని కూర్చుని కుట్టేవారు. ఆ భంగిమలో తొడ వంగి, బయటికి తిరిగి, మోకాలు మడతపడుతుంది. ఆ పనులన్నీ కలిపి చేసేది కాబట్టి ఆ పేరు. ఒంట్లో అన్నిటికన్నా పొడుగాటి కండరం. అన్నానికి కూర్చున్నప్పుడల్లా వాడతావు.

దిక్కుల మాటలు తేలికనుకుంటారు గానీ పొరపాట్లు ఎక్కువ జరిగేది అక్కడే. నిటారుగా నిలబడి, అరచేతులు ముందుకి, బొటనవేళ్ళు బయటికి. ఇది అనాటమికల్ పొజిషన్. శవం ఎలా పడుకున్నా, పేషెంట్ ఎలా ఒరిగినా మాటలు ఈ భంగిమ నుంచే లెక్క. కుడి అంటే పేషెంట్ కుడి, నీ కుడి కాదు. ఎక్స్‌రే ఫిల్మ్ చూస్తే లివర్ నీ ఎడమ చేతి వైపు కనిపిస్తుంది, తడబడకు.

ఇంకో చిక్కు మన భాష వల్ల వస్తుంది. మనకి భుజం నుంచి వేళ్ళ దాకా అంతా చెయ్యే. అనాటమీలో ఆర్మ్ అంటే భుజం నుంచి మోచేయి వరకే. లెగ్ అంటే మోకాలి నుంచి చీలమండ వరకే, పైది థై. "ఫ్రాక్చర్ ఆఫ్ లెగ్" అని రాసి తొడ ఎముక గురించి చెప్పినవాళ్ళని చాలామందిని చూశాను. తెలుగులో ఈ విడి పేర్లు లేకపోలేదు, మనం వాడటం మానేశాం. దండకడియం పెట్టుకునేది దండచేయి. దాని కింద ముంజేయి, మణికట్టు, అరచేయి. తొడ, మోకాలు, పిక్క, చీలమండ, మడమ, అరికాలు. ఇవి ముందు నీ నోటికి వస్తే ఇంగ్లీషు మాట ఎక్కడ అతుక్కోవాలో మెదడుకి తెలుస్తుంది. పిక్క కండరం పేరు గాస్ట్రాక్నీమియస్, అంటే 'కాలి పొట్ట'. కాలికి వెనకవైపు పొట్టలా ఉబ్బి ఉంటుందని.

కదలికలకి గుడి గుర్తు పెట్టుకో. తీర్థం తీసుకునేటప్పుడు అరచెయ్యి పైకి ఉంటుంది, అది సుపినేషన్. పూజారి శఠగోపం పెట్టేటప్పుడు ఆయన అరచెయ్యి కిందకి ఉంటుంది, అది ప్రొనేషన్. మోచేయి వంచి స్క్రూడ్రైవర్‌తో కుడిచేత్తో స్క్రూ బిగిస్తూ ఎడమచేత్తో బైసెప్స్ పట్టుకుని చూడు, బిగుసుకుంటుంది. బైసెప్స్ వంచడమే కాదు, సుపినేషన్‌కి కూడా గట్టి కండరం. అబ్డక్షన్ (ఒంటి నుంచి దూరంగా కదపడం), అడ్డక్షన్ (ఒంటి వైపుకి తేవడం) మాత్రం క్లాసులో వింటే ఒకేలా ఉంటాయి. అందుకే మన కాలేజీల్లో ఏ-బీ-డక్షన్, ఏ-డీ-డక్షన్ అని అక్షరాలు విడదీసి పలుకుతారు. నువ్వూ అలాగే పలుకు, సిగ్గుపడకు.

ఇప్పుడు నాకు జరిగింది ఒకటి చెప్తాను. మాటల గురించి నేను ఇంత పట్టుబట్టడానికి అదే కారణం.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక రాత్రి క్యాజువాలిటీకి ఒకామె వచ్చింది. కోతల కాలం. ఉంగరపు వేలికి అరచేతివైపు కొడవలి దిగింది. "నరం తెగింది బాబూ" అంది. నరం అంటే నాకు రక్తనాళం. నొక్కి పట్టాను, రక్తం ఆగింది. వేలి కొసన దూదితో తాకితే తెలుస్తోంది అంది, అయితే నెర్వ్ కూడా బాగానే ఉంది. చర్మానికి కుట్లు వేసి కట్టుకట్టి పంపేశాను. పది రోజుల తర్వాత కుట్లు విప్పడానికి వచ్చింది. పిడికిలి బిగించమంటే మూడు వేళ్ళు ముడుచుకున్నాయి, ఆ వేలి కొస మాత్రం తిన్నగా నిలబడి ఉంది. మా సీనియర్ వచ్చి, ఆ వేలి మధ్య ఎముకని కదలకుండా పట్టుకుని "కొస ఒక్కటే వంచమ్మా" అన్నారు. వంగలేదు. ఆయన నావైపు తిరిగి ఒక్కటే మాట అన్నారు, "ప్రొఫండస్".

ముంజేతిలో వేళ్ళని వంచే కండరాలు రెండున్నాయి. ఫ్లెక్సర్ డిజిటోరం సూపర్‌ఫిషియాలిస్, ఫ్లెక్సర్ డిజిటోరం ప్రొఫండస్. వేళ్ళ యొక్క వంచేది, పైపైన ఉన్నది. వేళ్ళ యొక్క వంచేది, లోతున ఉన్నది. పైదాని తాడు వేలి మధ్య ఎముక దగ్గర రెండు పాయలుగా చీలి ఆగిపోతుంది. లోతుదాని తాడు ఆ చీలిక మధ్య నుంచి దూరి చివరి ఎముక దాకా పోతుంది. అందుకే కొస వంచగలిగేది లోతుది ఒక్కటే. ఈ రెండు పేర్లూ నాకు మొదటి సంవత్సరంలోనే నోటికి వచ్చు, పరీక్షలో రాశాను కూడా. కానీ ఆ రాత్రి ఆమె చేతిని చూస్తున్నప్పుడు గుర్తు రాలేదు. ఆమె మాత్రం సరిగ్గానే చెప్పింది. ఆమె భాషలో నరం అంటే లాగే తాడు. ఆ పది రోజుల్లో తెగిన తాడు కొస పైకి జారిపోయి, బాగుచేయడం ఎంతో కష్టమైంది. ఆ వేలు పూర్తిగా మునుపటిలా కాలేదు.

తెలుగులో నరం అన్న ఒక్క మాట మూడు పనులు చేస్తుంది. సెలైన్ పెట్టడానికి "నరం దొరకట్లేదు" అన్నప్పుడు అది వెయిన్. "నరాల డాక్టర్" అన్నప్పుడు నెర్వ్. "నరం పట్టేసింది" అన్నప్పుడు టెండాన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు, స్నాయువు), కండరం. ఇది మన భాషలో లోపం అనుకోకు. గ్రీకులో న్యూరాన్ అన్న మాటకి కూడా మొదట అర్థం స్నాయువు, తాడు. ఆ కుటుంబంలోని మాటే వింటినారికీ వాడారు. హెరోఫిలస్ కాలంలో శవాలు కోసి చూశాకే కదిలించే తాడు వేరు, కబురు మోసే తాడు వేరు అని తేలింది. పాత అర్థం ఒక్క పేరులో మిగిలిపోయింది, అపోన్యూరోసిస్. అందులో న్యూరో ఉన్నా నెర్వ్‌కి సంబంధం లేదు, అది పలకలా పరచుకున్న స్నాయువు. ఆర్టరీ అన్న మాటదీ ఇదే కథ. చనిపోయాక ధమనులు ఖాళీగా కనిపించడంతో వాటిలో గాలి ఉంటుందనుకున్నారు. గాలిగొట్టానికి 'గరుకు ఆర్టరీ' అని పేరుండేది, అందులో గరుకు అన్న సగమే నేటి ట్రాకియా. సంస్కృతంలోనూ ధమ్ అంటే ఊదడం, ధమని అంటే ఊదే గొట్టం.

కాబట్టి పేషెంట్ నరం అంటే నువ్వు ఇంకో ప్రశ్న వెయ్యాలి. రక్తం చిమ్మిందా, తిమ్మిరిగా ఉందా, వేలు వంగుతోందా. గుండె కూడా ఇలాంటిదే. "గుండెల్లో మంట" అంటే చాలాసార్లు అన్నవాహికలోకి ఎగదన్నిన యాసిడ్. గుండెలు అని బహువచనంలో అంటే మనకి రొమ్ము. పుస్తకంలోనూ జీర్ణాశయం పైముఖాన్ని కార్డియా అనే అంటారు, గుండెకి దగ్గరగా ఉంది కాబట్టి. అయినా గుండెల్లో మంట అన్నవాళ్ళందరికీ యాసిడే అనుకుని పంపేయకూడదు, అది నీకు మెడిసిన్ క్లాసులో చెప్తారు. మన పెద్దవాళ్ళ మాటల్లో మంచి అనాటమీ కూడా దాగుంది. "కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుంది" అంటారు. కాలి లింఫ్ (కణజాలం నుంచి పారే ద్రవం) అంతా గజ్జల్లోని ఇంగ్వైనల్ నోడ్స్ అనే గ్రంథులకి చేరుతుందన్న పాఠం ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఒకే భాగానికి రెండు మూడు పేర్లు ఎందుకన్న అనుమానం వస్తుంది నీకు. ఒకప్పుడు దేశానికో పేరు, గురువుకో పేరు ఉండేది. 1895లో బాజిల్ నగరంలో శాస్త్రజ్ఞులు కూర్చుని 50,000 దాకా ఉన్న పేర్లని దాదాపు 5,000కి కుదించారు. ఆ తర్వాత ఎన్నో సవరణలు జరిగాయి, 1998లో టెర్మినోలాజియా అనాటమికా వచ్చింది. మనుషుల పేర్లతో ఉన్నవాటిని అధికారిక పట్టిక పక్కన పెట్టింది. ఫాలోపియన్ ట్యూబ్ యుటిరైన్ ట్యూబ్ అయింది, అకిలిస్ టెండాన్ కాల్కేనియల్ టెండాన్ అయింది. అయినా వార్డుల్లో పాత పేర్లే వినిపిస్తాయి కాబట్టి రెండూ తెలియాలి. రాసేటప్పుడు కొత్తది రాసి, పాతది పక్కన పెట్టు.

పెరోనియల్ నెర్వ్ ఇప్పుడు ఫిబులర్ నెర్వ్. పెరోనీ అన్నా గ్రీకులో పిన్నీసే. పెరినియల్ (తొడల మధ్య భాగానిది) అనే వేరే మాటతో కలిసిపోయే ప్రమాదం ఈ మార్పుతో తప్పింది. ఇలాంటి కవలలు ఇంకా ఉన్నాయి. యురీటర్ కిడ్నీ నుంచి బ్లాడర్‌కి, యురెత్రా బ్లాడర్ నుంచి బయటికి. ఇలియం అని తెలుగులో రాస్తే ఏదో తెలియదు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఎల్ తర్వాత 'e' వస్తే (ileum) పేగు, 'i' వస్తే (ilium) తుంటి ఎముక. ఇవి ఒక పేజీలో రాసి గోడకి అంటించుకో. ఇక్కడ మాత్రం వేరే దారి లేదు, బట్టీయే.

డిక్షనరీ అవసరం లేదా అంటే ఉంది, అడుగడుగునా చూడటానికి. కూర్చుని చదవడానికి కాదు. ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనుక్కో. రేపు హాల్లో ఏ భాగం కోస్తారో ఈ రాత్రి దానికి సంబంధించిన పేర్లు చూసి ముక్కలుగా విడదియ్యి, ఎదురుగా తెలుగు అర్థం రాయి. పేరు పదంగా కాకుండా ముక్కగా రాయి. సుప్రా, ఇన్ఫ్రా, ఇంటర్, రెట్రో, పెరి, ఎపి, లాంగస్, బ్రెవిస్, ఇలా. నా అనుభవంలో రెండు వందల ముక్కలు వస్తే మొదటి సంవత్సరం పేర్లలో చాలావరకు విప్పగలుగుతారు. బ్రెవిస్ పొట్టిది, లాంగస్ పొడుగుది అని ముంజేతిలో నేర్చుకున్నది కాలిలో మళ్ళీ పనికొస్తుంది. హాల్లో స్కాల్పెల్ పట్టుకునే ముందు ఆ పేరుని ఒకసారి పైకి పలుకు. నోటితో పలకని మాట వైవాలో రాదు. నీకు నోరు పెగలకపోవడానికి సగం కారణం అదే అయి ఉంటుంది, తెలియక కాదు. ఇంగ్లీషు వాళ్ళ యాసలో పలకాల్సిన పని లేదు, ముక్కలు స్పష్టంగా వినిపిస్తే ఏ ఎగ్జామినరూ ఏమీ అనరు.

హాస్టల్లో బాల్ పెన్నుతో రూమ్మేట్ ముంజేతి మీద రేడియల్ ఆర్టరీ దారి గీయి. మణికట్టు దగ్గర నాడి దొరికిన చోట ఆపు. నాలుగు రోజులు మరకలుంటే ఉండనీ.

వచ్చే వారం మళ్ళీ స్కాప్యులా వైవా ఉంటుంది. ఎముక చేతికి రాగానే ముందు గట్టు వెనక్కి, కొసతేలిన మూల కిందకి, గ్లీనాయిడ్ గుంట బయటికి వచ్చేలా నీ భుజానికి ఆనించి పెట్టుకో. సైడ్ తేలుతుంది. తర్వాత ముల్లు, పైన, కింద, కాకిముక్కు, గుంట. ఈ వరుసలో తెలుగులో మనసులో అనుకుంటూ ఇంగ్లీషులో చెప్పుకుంటూ పో. ఏ పేరైనా విడదీయలేకపోతే ఇక్కడే రాయి. సాయంత్రం పూట చూస్తుంటాను, విప్పి పెడతాను.